పరిశోధనా, ఇంటర్న్‌షిప్పా: వేసవి సెలవులకు ఏది మేలు?

ప్రొఫెసర్ ల్యాబ్‌లో పరిశోధన, కంపెనీలో ఇంటర్న్‌షిప్, రెండూ చేతిలో ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలని డిగ్రీ విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతున్నారు. స్టైపెండ్ సాధారణంగా కంపెనీలోనే ఎక్కువ. ఆ డబ్బు అవసరమైన విద్యార్థి దానికోసమే అక్కడికి వెళితే తప్పుపట్టవలసిన పని లేదు. ఆ ఒత్తిడి లేనివారు మాత్రం సంస్థ పేరు కన్నా ముందు ఒక విషయం తేల్చుకోవాలి: అక్కడ మీ పనిని రోజూ చూసేది ఎవరు?

ప్రొఫెసర్లు చాలాచోట్ల వారానికి ఒకసారి మాత్రమే కలుస్తారు. దగ్గరుండి పని నేర్పేది పీహెచ్‌డీ విద్యార్థే. ఉత్తర అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ విద్యార్థుల కోసం జర్మనీలో అక్కడి విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ నడిపే రైజ్ అనే వేసవి పరిశోధనా కార్యక్రమం, వచ్చినవారిని నేరుగా ఒక పీహెచ్‌డీ విద్యార్థికే జతచేస్తుంది. అది సరైన పద్ధతి. తన థీసిస్‌లో ఒక చిన్న భాగం మీ కొలతల మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ వ్యక్తి మీ నోట్‌బుక్ చదువుతారు, గ్రాఫులో ఒక చుక్క గీతకు దూరంగా పడితే ఎందుకు పడిందని నిలదీస్తారు. జవాబు ముందే తెలిసిన ప్రయోగాలకు అలవాటుపడిన విద్యార్థికి, జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న మొదటిసారి ఎదురయ్యేది అక్కడే.

కంపెనీలోనూ అటువంటి మనిషి దొరకవచ్చు. మీరు కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ అనుభవజ్ఞులైన ఇంజినీర్లు చదివి, లోపాలు చూపి, సరిదిద్దించిన తరువాతే స్వీకరించే బృందంలో అలవడే క్రమశిక్షణ చాలా ల్యాబుల్లో అలవడదు. అయితే ఇంటర్న్‌కు అప్పగించింది ఎవరికీ అంతగా అక్కరలేని పక్క ప్రాజెక్టు అయితే, దాన్ని చదివే తీరిక మేనేజరుకు ఉండదు. గోప్యతా ఒప్పందం ఉంటే చేసిన పనిని బయట చూపించడమూ కుదరదు. పై చదువులకు కావలసిన సిఫారసు లేఖలో, విద్యార్థి ఎక్కడ చిక్కుకున్నారో, ఎలా బయటపడ్డారో రాయగలిగేది దగ్గరగా చూసినవారే.

అందుకే పీహెచ్‌డీ ఆలోచన లేనివారిని కూడా, చదువు ముగిసేలోగా ఒక్క వేసవైనా ల్యాబ్‌లో గడపమనే చెబుతాను. ఇంటర్న్‌షిప్ నుంచే ఉద్యోగానికి తీసుకునే రంగాల్లో, చివరి సంవత్సరానికి ముందు వచ్చే వేసవికి మాత్రం కంపెనీయే మేలు.

కోడ్ రాయడం ఇష్టమైనవారికి 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కూడా ఉంది; అందులో మెంటర్ల పర్యవేక్షణలో ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాస్తారు. ఇంటి నుంచే చేయవచ్చు, రాసినదంతా బహిరంగంగానే ఉంటుంది.

దేనికి ఒప్పుకునే ముందైనా, నిరుడు అక్కడ పని చేసిన విద్యార్థికి ఒక ఈమెయిల్ రాయండి. మీ రిపోర్టు మొదటి ప్రతిని ఎవరు చదివారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇచ్చారు అన్న రెండు ప్రశ్నలు చాలు.