రోజూ సూది పట్టేదాన్నే, అయినా భయపడ్డాను: మూడేళ్ల ఆక్యుపంక్చర్

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. సూది వేలికి గుచ్చుకోవడం నాకు లెక్కలోకి రాదు. అలాంటిది ఆక్యుపంక్చర్ గదిలో మొదటిసారి బోర్లా పడుకున్నప్పుడు గుండె దడదడలాడింది. డాక్టరమ్మ నవ్వి, ‘మీ మిషను సూది ముందు ఇది ఎంతమ్మా’ అంటూ ఒకటి విప్పి చేతికిచ్చారు. నేను జాకెట్లకు వాడే పద్నాలుగో నంబరు సూది మందం 0.9 మిల్లీమీటర్లు. ఆమె ఇచ్చింది 0.25. అలాంటివి మూడు కలిపి పట్టుకున్నా నా సూదంత లావు రావు. దానికి కన్ను లేదు. పైన సన్నని తీగ చుట్టిన పిడి, కింద వేలితో నొక్కితే వెంట్రుకలా వంగే ఉక్కు. మంచి సరుకే అనుకున్నాను. భయం సగం తగ్గింది.

అక్కడికి వెళ్లేసరికి నా పరిస్థితి ఏమీ బాగాలేదు. నడుములో మొదలైన నొప్పి ఎడమ పిరుదు మీదుగా మడమ దాకా తీగ లాగినట్టు లాగేది. స్కానింగులో ఎల్ 4, ఎల్ 5 పూసల మధ్య డిస్కు ఉబ్బిందని తేలింది. ఎముకల డాక్టరు ఆపరేషన్ అవసరం లేదన్నారు, మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్నంత సేపు బాగుండేది, తర్వాత నొప్పితో పాటు కడుపులో మంట కూడా. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు గుట్టలుగా పడి ఉన్నాయి, నేనేమో పది నిమిషాలకోసారి లేచి గోడకు ఆనుకుని నిలబడుతున్నాను. బట్టలిచ్చిన అక్క ఒకామె చెప్పింది, క్లాక్ టవర్ దగ్గరి సందులో ఒక డాక్టరమ్మ సూదులు పెడతారని. ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత ఇది నేర్చుకున్నారట. ఆ ఒక్క మాట విని వెళ్లాను.

సన్నని ప్లాస్టిక్ గొట్టంలో సూదిని ఉంచి, పైన వేలితో టక్కున తడతారు. చీమ కుట్టినంత. గొట్టం తీసేసి సూదిని ఇంకాస్త దింపుతూ రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. నొప్పి అనలేను. బరువు, తిమ్మిరి, లోపల ఎవరో దారం పట్టి మెల్లగా లాగుతున్నట్టు ఒక పట్టు. ‘వచ్చిందా?’ అని అడుగుతారు. వచ్చిందంటే తిప్పడం ఆపి తర్వాతి చోటికి వెళతారు. నడుముకు రెండు పక్కలా, పిరుదు మధ్యలో, మోకాలి వెనక మడతలో, చీలమండ వెనక. ఒక్కోరోజు నడుము సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి కరెంటు ఇస్తారు. అప్పుడు కండరం దానంతటదే టపటప కొట్టుకుంటుంది, చూస్తే నవ్వొస్తుంది.

వెల్లకిలా పడుకోబెట్టిన రోజు మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు బయటి పక్కన ఒకటి పెడతారు. ఆ చోటును చైనాలో జుసాన్లీ అంటారట. అలసిపోయిన బాటసారి అక్కడ సూది పెట్టించుకుంటే ఇంకో మూడు లీలు నడవగలడని వాళ్లు చెప్పుకుంటారు. లీ అంటే సుమారు అర కిలోమీటరు. మూడు లీలంటే మా ఇంటి నుంచి బట్టల బజారుకు వెళ్లేంత దూరం, ఆ రోజుల్లో నాకు అదే గగనం.

వారానికి రెండు చొప్పున మొదట పది సార్లు వెళ్లాను. మొదటి మూడింటికి ఏమీ తేడా లేదు. డబ్బులు దండగ అని ఇంట్లో గొణుగుడు మొదలైంది. నాలుగోసారి తర్వాత ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాను. నొప్పి ముందు తగ్గిందా, నిద్ర ముందు వచ్చిందా అంటే, నిద్రే ముందు. పది పూర్తయ్యేసరికి కాలిలోకి దిగే లాగుడు చాలావరకు పోయింది, నడుములో బిగువు మాత్రం మిగిలింది. రెండు నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు డాక్టరమ్మ, నా దుకాణంలో నేను ఎలా కూర్చుంటానో కూర్చుని చూపించమన్నారు. చూసి, సూదుల సంగతి పక్కన పెట్టి, ఎత్తు తక్కువ స్టూలు తీసేయమన్నారు, కాలితో తొక్కడం మానేసి మిషనుకు మోటారు పెట్టించమన్నారు, మూడు వ్యాయామాలు నేర్పారు. అప్పటి నుంచి నెలకొకసారి వెళితే సరిపోతోంది. స్టూలు మార్చకుండా సూదులే పెట్టించుకుని ఉంటే ఈపాటికి ఆమె ఇల్లు కట్టేవారు.

వీళ్లు చెప్పే సిద్ధాంతం నాకు సగమే ఎక్కింది. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి పన్నెండు ముఖ్యమైన దారుల్లో పారుతుందట, అది ఎక్కడైనా ఆగితే సమతౌల్యం చెడి రోగం వస్తుందట. నా ‘చీ’ ఎక్కడ ఆగిందో నేను చూడలేదు. కానీ సూదుల గదిలో ఒక వాసన మాత్రం తెలిసినదే అనిపించింది. ఎండిన ఆకు పొడిని చుట్టలా చుట్టి, వెలిగించి, చర్మానికి తగలకుండా దగ్గరగా పట్టి కాపడం పెడతారు. ఏమిటని అడిగితే మాచిపత్రి జాతి ఆకే. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట వేసే మాచీపత్రం! అదేదో చైనా మందు అనుకున్నదాన్ని, ఆ తర్వాత కాస్త మా ఇంటి మనిషిలా చూడటం మొదలుపెట్టాను. ఈ వైద్యాన్ని మన దేశానికి తెచ్చింది కూడా డాక్టర్ బసు అని చెప్పారు. 1938లో, జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు వైద్యం చేయడానికి మన దేశం నుంచి వెళ్లిన అయిదుగురు వైద్యుల్లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు ఆయన ఒకరు. తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లి ఇది నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారట.

మా అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది. దానికి తల్లి మాట మీద నమ్మకం తక్కువ, లెక్కల మీద ఎక్కువ. జర్మనీలో నడుము నొప్పి ఉన్న 1,162 మంది మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటి చదివి వినిపించింది. ఆరు నెలల తర్వాత చూస్తే, శాస్త్రం ప్రకారం సూదులు పెట్టిన వారిలో 47.6 శాతం మందికి మెరుగైంది. శాస్త్రం చెప్పిన చోట్లు కాకుండా వేరే చోట్ల పైపైన గుచ్చిన వారిలో 44.2 శాతం మందికి. మందులు, వ్యాయామాల మామూలు వైద్యంలో 27.4 శాతమే. ‘చూశావా, ఎక్కడ గుచ్చినా ఒకటే’ అంది అది. ‘మాత్రల కన్నా నయమేగా’ అన్నాను నేను. ఇద్దరం గెలిచాం. నాకు తోచింది ఒకటుంది. ఒంటి నిండా సూదులుంటే అరగంట కదలడానికి లేదు, ఫోను ఎత్తడానికి లేదు, ‘అక్కా, నా జాకెట్ అయిందా’ అని అడిగేవాళ్లు లేరు. అలాంటి అరగంట నాకు పెళ్లయ్యాక దొరకలేదు. గుణంలో దాని వాటా ఎంతో ఎవరు తూచారు?

మా అత్తమ్మది మర్రిగూడ వైపు ఊరు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము ముందుకు వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నాకు తగ్గిందని ఆశపడి ఆమెనూ తీసుకెళ్లాను. డాక్టరమ్మ వీపు తడిమి, ‘ఇది కండరం పట్టేయడం కాదు, పూసల్ని పట్టి ఉంచే కట్టు గట్టిపడి ఎముకైపోయింది. వంగింది నిటారు కాదు. నొప్పి కాస్త తగ్గుతుందేమో చూద్దాం’ అని ముందే చెప్పేశారు. ఆరుసార్లు పెట్టారు. పెట్టిన ప్రతిసారీ రెండు రోజులు హాయిగా ఉందనేది, మూడో రోజు మళ్లీ అంతే. ఏడోసారి తనే వద్దంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడుతో ఎన్నో ఏళ్లు పాడైన ఒళ్లు అది. సూది ఏం చేస్తుంది?

ఇబ్బందులూ ఉన్నాయి. కార్తీక సోమవారం ఉపవాసంతో వెళ్లి, మూడో సూదికే కళ్లు తిరిగి చెమటలు పట్టాయి. వెంటనే అన్నీ తీసేసి కాళ్లు ఎత్తి పెట్టారు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఇంకోసారి తలలో కూడా పెట్టారు, తీసింది సహాయకురాలు. ఇంటికొచ్చి జడ వేసుకుంటుంటే దువ్వెనకు ఒకటి తగిలింది. గుండుసూది ఒక్కటి తక్కువైతే బట్ట మొత్తం దులిపే మనిషిని నేను, నా తల నేను దులుపుకోలేదు! అప్పటి నుంచి పెట్టేటప్పుడు లెక్కపెడతాను, తీసేటప్పుడూ లెక్కపెడతాను. వాళ్లకు విసుగు, అయినా మానను.

పెద్ద కోపం మాత్రం వేరే చోట. ఇంకో ఊరిలో ఒక ఫంక్షన్ హాలులో సూదుల శిబిరం పెడితే మా మరిది వెళ్లాడు. ‘షుగర్ వేళ్లతో సహా పోతుంది, మాత్రలు ఆపేయండి’ అన్నారట. ఆపేశాడు. మూడు వారాలకు పరీక్ష చేయిస్తే 380. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆ శిబిరంవాళ్ల ఫోను ఆ తర్వాత మోగనే లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది కానీ, గుర్తింపు విధానానికి గానీ, సూది పట్టిన ప్రతివాడికీ కాదు. ఏం చదివారో అడగండి. సూది ప్యాకెట్ మీ ఎదుటే చింపమనండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, కడుపుతో ఉన్నా ముందే చెప్పండి.

ఒక్కో విడతకు నేను ఇచ్చేది 300 రూపాయలు, అంటే ఒక లైనింగ్ జాకెట్ కుట్టు కూలి. బతుకమ్మ, దసరా పని మొదలయ్యే ముందు రెండుసార్లు వెళ్లొస్తాను, పండగ కాగానే ఇంకోసారి. ఈసారి అత్తమ్మ కూడా వస్తానంటోంది, సూదులకు కాదట, ఆ మాచిపత్రి కాపడం ఒక్కటే పెట్టించమంటోంది.