హనుమకొండలో కారు ఏసీ బ్లోవర్ మోటరు కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

ఇప్పుడే షాపు నుంచి వచ్చి రాస్తున్నాను. కోపంలో ఉన్నాను, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. షాపు పేరు రాయడం లేదు. పాత కార్ల సామాన్ల కోసం తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఎక్కడో ఈపాటికి అర్థమై ఉంటుంది.

మాది 2013 కారు, ఏసీ నాబ్ చేత్తో తిప్పేదే. పదిహేను రోజుల కింద బ్లోవర్ (ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాను) 1, 2, 3 స్పీడుల మీద గాలి ఆగిపోయింది. 4 మీద మాత్రం ఫుల్లుగా వస్తోంది. ఇది తెలిసిన జబ్బే. తక్కువ స్పీడులన్నీ రెసిస్టర్ (కరెంటు తగ్గించి స్పీడు తగ్గించే చిన్న సామాను) మీదుగా పోతాయి, 4 దాన్ని దాటుకొని నేరుగా మోటరుకు పోతుంది. అంటే మోటరు బాగుంది, రెసిస్టర్ పోయింది. గ్లవ్ బాక్స్ విప్పి రెసిస్టర్ తీసి మీటర్ పెట్టి చూశాను. ఎక్కువ వేడెక్కితే తెగేలా దాని మీదుండే థర్మల్ ఫ్యూజ్ తెగింది. అంతే, వేరే సమస్య లేదు.

ఆ ఒక్క రెసిస్టర్ కొనుక్కొని వద్దామని పోయాను. కౌంటర్ దగ్గరి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది ఉత్తగనే కాలదు. మోటరు టైట్ అయితెనే కాలుతది. రెసిస్టర్ ఒక్కటే ఏస్తే నెలకు మళ్ల కాలుతది. మోటరు గూడ తీస్కరా, చూస్త" అన్నాడు. ఆ మాటలో సగం నిజముంది. మోటరు బిగుసుకుపోతే కరెంటు ఎక్కువ లాగి రెసిస్టర్ నిజంగానే కాలుతుంది. ఆ సగం నిజమే నన్ను ముంచింది.

ఇంటికొచ్చి మూడు స్క్రూలు విప్పి మోటరు దించాను. దానికి స్క్రూలు పట్టే చెవులు మూడుంటాయి. మళ్లీ బిగించేటప్పుడు ఏ చెవి ఎటు రావాలో తెలియాలని ఒకదాని మీద స్క్రూడ్రైవర్ మొనతో చిన్న ప్లస్ గుర్తు గీసుకున్నాను. పట్టుకుపోతే ఆయన ఫ్యాను వేలితో ఒకసారి తిప్పి, తన చెవి దగ్గర పెట్టుకొని విని, లోపల ఇరుసు తిరిగే బుష్ పోయిందన్నాడు. కొత్త మోటరు 2,800, రెసిస్టర్ 600. పాతది ఇచ్చేస్తే 300 తగ్గిస్తానన్నాడు. ఇచ్చేశాను. పొద్దున్నే నా కారులో నాలుగో స్పీడు మీద చప్పుడు లేకుండా తిరిగిన మోటరు పోయిందంటే నేనెట్లా నమ్మాను? ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తోంది. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద 3,100 అని రాసిచ్చాడు. అది కూడా సరే అన్నాను.

బిగించాక నాలుగు స్పీడులూ పనిచేశాయి. మూడో రోజు అమ్మను తీసుకొని కరీంనగర్ బయలుదేరాను. అమ్మకు 74 ఏళ్లు, బీపీ ఉంది. ఎల్కతుర్తి దాటాక కాలిన వాసన వచ్చింది, గాలి మెల్లగా తగ్గి పూర్తిగా ఆగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట. అద్దాలు దించితే వడగాలి మొఖానికి కొట్టింది. అమ్మ సీసాలో నీళ్లు కొంగు మీద పోసుకొని నెత్తిన కప్పుకుంది. హుజూరాబాద్ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతేనే నాకు భయం ఎక్కువైంది.

సాయంత్రం ఇంటికొచ్చి గ్లవ్ బాక్స్ మళ్లీ విప్పాను. ఫ్యూజ్ బాగానే ఉంది. నాబ్ 4 మీద పెట్టి మోటరు కనెక్టర్ దగ్గర మీటర్ పెడితే 12 వోల్టులు వస్తున్నాయి. కరెంటు వస్తోంది, మోటరు తిరగడం లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటరు మీద మెల్లగా కొడితే రెండు చుట్లు తిరిగి ఆగింది. ఇట్లా కొడితే తిరిగే మోటరులో, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. మూడు రోజుల కొత్త మోటరుకు బ్రష్‌లు ఎట్లా అరుగుతాయి?

దించి టార్చి వేసి చూశాను. పైకి తళతళలాడుతోంది. స్క్రూలు పట్టే చెవుల చుట్టూ మాత్రం పాత గీతలున్నాయి, నేను గీసినవి కావు. ఫ్యాను రెక్కల మొదట్లో, నీళ్లు చేరని మూలలో, గట్టిగా పెట్టుకుపోయిన మట్టి పొర. పిన్నీసుతో గీకితే దాని కింద నుంచి ఎండిన వేపాకు వచ్చింది. నరాలు తప్ప ఏమీ మిగల్లేదు, ముట్టుకుంటే పొడి అయింది. అది కడిగి అట్టపెట్టెలో పెట్టిన పాత మోటరు.

ఈ పొద్దున మోటరు, చీటీ పట్టుకొని పోయాను. కౌంటర్ దగ్గర నలుగురు గిరాకీలున్నారు. మట్టి చూపించి, ఇది వాడిన మోటరు కదన్నా అని మెల్లగానే అడిగాను. మొన్న అన్నా అన్న మనిషి ఈరోజు, "ఏందయా, నీ కార్ల దుమ్ము తెచ్చి నాకు సూపెడుతున్నవ్? నువ్వే కాలవెట్టి తెచ్చినవ్. ఎలక్ట్రికల్ సామాన్ వాపస్ లేదు, పో" అని గట్టిగా అరిచాడు. మోటరును కౌంటర్ మీద నుంచి నా వైపు నెట్టాడు. పట్టుకోకపోతే కింద పడేది. మూడు రోజుల్లో మట్టి ఇంత గట్టిపడుతుందా అంటే జవాబు లేదు. పోనీ నా పాత మోటరు ఇవ్వు, 300 తిరిగిస్తా అన్నాను. "తుక్కుల పోయింది" అన్నాడు.

బయటికొస్తూ షాపు పక్క సందులోకి చూశాను. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు మెట్ల మీద కూర్చొని పళ్ల బ్రష్‌తో, పెట్రోలుతో బ్లోవర్ ఫ్యానులు రుద్దుతున్నాడు. ఆరేడు మోటర్లు పాత పేపరు మీద ఎండకు ఆరుతున్నాయి. పక్కనే మడతపెట్టని కొత్త అట్టపెట్టెల కట్ట. నేను దగ్గరికి పోయేలోపు లోపలి నుంచి ఎవరో పిలిచి తలుపు వేశారు. 3,100 పోయినందుకు ఇంత బాధ లేదు. బాగున్న నా మోటరును పాడైందని చెప్పి తీసుకొని, ఎవరిదో పాడైనదాన్ని నాకు కొత్తదని అమ్మారు. దాన్ని నమ్మి అమ్మను ఎండలో తీసుకుపోయాను.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. చీటీ మీద షాపు పేరు లేదు గానీ ఫోన్‌లో డబ్బులు కట్టిన రికార్డు ఉంది. అవసరమైతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కు పోతాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.

మీరు కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు లేకుండా రాకండి. ఫ్యాను మొదట్లో టార్చి వేసి చూడండి, స్క్రూ చెవుల మీద గీతలున్నాయేమో చూడండి, అక్కడే 12 వోల్టుల బ్యాటరీకి పెట్టి తిప్పించుకోండి. 4 మీద బాగా తిరిగే మోటరును ఎవరు ఏం చెప్పినా చేతికివ్వకండి.

ఇంకొక్క మాట. ఈ మధ్య ఎవరైనా అక్కడ బ్లోవర్ మోటరు కొని ఉంటే, మూడు చెవుల్లో ఒకదాని మీద చిన్న ప్లస్ గుర్తు గీసి ఉందేమో చూడండి. ఉంటే అది నాదే. మోటరు మంచిది, భయం లేదు. తిరిగివ్వమని అడగను. ఒక ఫోటో తీసి పంపండి చాలు, కంప్లైంట్‌కు జత చేస్తాను.