మొన్రియాలే కొండ మీద రెండు రాత్రులు

ఇటలీలో సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో దిగి, పక్క కొండ మీది మొన్రియాలే కెథడ్రల్‌ను (పెద్ద చర్చి) ఒక పూటలో చూసి వచ్చేద్దామని అనుకున్నాం. కానీ పలెర్మోలో మేము తీసుకున్న గదికి లిఫ్టు పనిచేయలేదు, అర్ధరాత్రి దాటినా వీధిలో సందడి ఆగలేదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మర్నాడే సామాను సర్దుకుని కొండ మీదికి మారిపోయాం. నగరం నుంచి పది కిలోమీటర్ల లోపే. సిటీ బస్సు ఉంది కానీ, సామానుతో కాబట్టి టాక్సీలో వెళ్లాం.

కొండ మీది బస చిన్నది. కుటుంబం నడుపుకునే ఇల్లు, మూడే గదులు. అల్పాహారం బ్రెడ్డు, పండ్లు, కాఫీతో సరి. కిటికీ తెరిస్తే మాత్రం కింద పలెర్మో, దాని వెనక సముద్రం. ఈ బసకే నా ఓటు.

మొన్రియాలే గుడి కట్టించినవాడు సిసిలీని ఏలిన నార్మన్ వంశపు రాజు రెండవ విలియం. 1174 ప్రాంతంలో పని మొదలైనప్పుడు అతనికి నిండా పాతికేళ్లు లేవు. వేటకు వచ్చి చెట్టు కింద నిద్రపోతే మేరీమాత కలలో కనిపించి నిధి చోటు చూపిందని, ఆ సొమ్ముతోనే గుడి కట్టాడని ఇక్కడ కథ చెప్పుకుంటారు. కథ అందంగానే ఉంది. కానీ కింద పలెర్మోలో ఆర్చిబిషప్ (పెద్ద మతాధికారి) వాల్టర్ పలుకుబడి బాగా పెరిగిన కాలం అది. దానికి పోటీగా అన్నట్టు, దగ్గర్లోనే ఈ కొండ మీద రాజు కొత్త గుడి, మఠం నిలిపాడు. 1183లో పోప్ దాన్ని ఆర్చిబిషప్ పీఠంగా చేశాడు. వాల్టర్ కూడా ఊరుకోలేదు, తన కెథడ్రల్‌ను తిరిగి కట్టించాడు. భక్తి, పంతం రెండూ కలిస్తేనే ఇంత పని ఇంత వేగంగా జరుగుతుందని నాకు అనిపించింది.

లోపల గోడల మీద సుమారు 6,400 చదరపు మీటర్ల మొజాయిక్, అంటే రంగురంగుల చిన్న పలుకులు అతికి చేసిన బొమ్మలు. బంగారు నేపథ్యంలో క్రీస్తు రూపం గర్భగుడి కప్పునంతా ఆక్రమించి ఉంటుంది. అందరి చూపూ ముందు అక్కడికే పోతుంది. మేము ఎక్కువసేపు నిలబడింది మాత్రం నడిమి గోడల దగ్గర. అక్కడివి బైబిలు కథల బొమ్మలు: నోవా ఓడ కడుతుంటే పనివాళ్లు చెక్క పలకలు కోస్తున్నారు, బాబెలు గోపురం దగ్గర సున్నం కలుపుతున్నారు. అమ్మ అది చూసి, "మన ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు ఇట్లాగే కలిపేవాళ్లు" అంది. రాజుల కోసం చేసిన పనిలో కూలీల చేతులు ఇంత శ్రద్ధగా చూపించడం నన్ను కదిలించింది.

గర్భగుడిలోని సాధువుల వరుసలో ఇంగ్లండు ఆర్చిబిషప్ థామస్ బెకెట్ ఉన్నాడు. ఆయనను ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ మనుషులు 1170లో చంపారు. ఆ హెన్రీ కూతురు జోన్‌నే విలియం 1177లో పెళ్లాడాడు. మామ మనుషులు చంపిన సాధువు అల్లుడి గుడిలో కొలువయ్యాడు!

మఠం ప్రాంగణానికి వేరే టికెట్టు. తప్పకుండా తీసుకోండి. జంటలుగా నిలిపిన 228 స్తంభాలు, చాలావాటికి మొజాయిక్ పొదిగారు. దగ్గరికి వెళ్లి చూస్తే పలుకులు ఊడిపోయిన గుంటలు కనిపిస్తాయి. ఒక స్తంభం తలమీద విలియం తన గుడిని మేరీమాతకు సమర్పిస్తున్న శిల్పం ఉంది, వెతికి చూడండి. పైకప్పు మీదికి వెళ్లే మెట్లు ఇరుకు, అమ్మను తీసుకెళ్లలేదు. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. మధ్యాహ్నం గుడి మూసే రోజులు ఉంటాయి, ముందే అడిగి వెళ్లండి.

పలెర్మోలోని రాజప్రాసాద ప్రార్థనాలయం కూడా చూశాం. పనితనం గొప్పదే, కానీ చోటు చిన్నది, జనం తోసుకుంటూ ఉంటారు. చెఫాలు అనే ఊళ్లో విలియం తాత రెండవ రోజర్ 1131లో మొదలుపెట్టిన కెథడ్రల్‌లోని క్రీస్తు ముఖంలో మొన్రియాలేలోకన్నా ఎక్కువ దయ కనిపించింది. వీలుంటే మూడూ చూడండి. ఒక్కటే వీలైతే మొన్రియాలే.

శాకాహారులకు ఇబ్బంది లేదు. శనగపిండి ఉడికించి, పలకలుగా కోసి వేయించే పనెల్లె ఉంది. నువ్వుల బ్రెడ్డులో పెట్టి ఇస్తే అమ్మ రెండు తిన్నది.

టూరిస్టు బస్సులు కొండ దిగి వెళ్లిపోయాక, సాయంత్రం గుడి వెనక వీధికి వెళ్లండి. సున్నపురాయి గోడ మీద నల్లటి లావా రాయితో అల్లిన తోరణాలు ఒకదానిలోంచి ఒకటి దూరుతూ పోతాయి. అరబ్బు శైలి పనితనం అది. ఆ రెండు సాయంత్రాలూ మేమక్కడే గడిపాం.