పందెం రోజు లాసిక్స్‌ సూదా, మూడు నెలల నిషేధమా: ఏది మేలు?

అమెరికాలో గుర్రప్పందేలు చూసే మన పాఠకులు, పట్టికలో గుర్రం పేరు పక్కన లాసిక్స్‌కు గుర్తుగా ఉండే ‘ఎల్‌’ అక్షరాన్ని గమనించి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావాన్ని తగ్గించేందుకు అక్కడ అనుమతించే ఈ సూదిని పందెం రోజున ఆస్ట్రేలియా ఎందుకు ఒప్పుకోదని తరచూ అడుగుతున్నారు.

అమెరికా పద్ధతికి గట్టి ఆధారమే ఉంది. పూర్తి వేగంతో దౌడు తీసే గుర్రం ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి విపరీతంగా పెరిగి సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. పందేనికి నాలుగు గంటల ముందు ఇచ్చే ఈ మందు ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. దక్షిణాఫ్రికాలో 167 గుర్రాలను ఒకసారి మందుతో, మరోసారి ఉత్త సెలైన్‌తో పరుగెత్తించి చూసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, మందు ఇచ్చినప్పుడు 57 శాతం, ఇవ్వనప్పుడు 79 శాతం గుర్రాల్లో రక్తస్రావం కనిపించింది. అయితే ఈ సూది వల్ల మూత్రం రూపంలో పది కిలోలకు పైగా బరువు తగ్గవచ్చు. పోటీ సమంగా ఉండేందుకు అరకిలో తేడాలను సైతం లెక్కించి గుర్రాలపై హ్యాండిక్యాప్‌ బరువు వేసే ఆటలో అది చిన్న విషయం కాదు.

ఆస్ట్రేలియాలో రెండు ముక్కు రంధ్రాల నుంచీ రక్తం కారిన గుర్రం మూడు నెలలు పందేలకు దూరం కావాలి, స్టివార్డ్‌ (పందేల పర్యవేక్షణాధికారి) ఎదుట కనీసం 1000 మీటర్లు దౌడు తీసి చూపాలి. మళ్లీ కారితే జీవితకాల నిషేధం. ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో) శ్వాసనాళంలోకి చూస్తే తప్ప తెలియని రక్తస్రావం మాత్రం ఈ నియమానికి చిక్కదు.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది ఆ ఒక్క పందెం సంగతి కాదు, పుట్టబోయే పిల్లల సంగతి. ముక్కు వెంట రక్తం కారే లక్షణం కొంతమేర వంశపారంపర్యమని దక్షిణాఫ్రికా, బ్రిటన్‌ పరిశోధనలు తేల్చాయి. ఆడగుర్రాన్ని దేనితో దాటించాలో నిర్ణయించే యజమాని ముందుండేది మగగుర్రం పందేల రికార్డు. అమెరికాలో అత్యధిక శాతం గుర్రాలు సూదితోనే పరుగెత్తిన ఏళ్లలో, వాటిలో ఏది సూది లేకుండా నిలబడగలదో ఆ రికార్డు చెప్పలేకపోయింది. ఆస్ట్రేలియా నియమం కఠినమైనదే కానీ, రక్తం కారే లోపాన్ని దాచదు. హాంకాంగ్‌ నియమమూ ఇలాంటిదే అయినా, అక్కడ గుర్రాల పెంపకం లేదు కనుక ఈ వాదన దానికి వర్తించదు.

బ్రిటన్‌లోలా సాధనలో మందు వాడి పందెం నాటికి మానేయడం, ముక్కు మీద పట్టీ అంటించడం వంటివీ ఉన్నాయి గానీ, అవి ఈ చర్చను తేల్చేవి కావు.

అమెరికాలో పేరున్న పందెం కెంటకీ డెర్బీ 2021లో లాసిక్స్‌ లేకుండానే జరిగింది. 2020 నాటి సమాఖ్య చట్టం రెండేళ్ల గుర్రాల పందేల్లోనూ, స్టేక్స్‌ (మేటి గుర్రాలు పోటీపడే పై స్థాయి) పందేల్లోనూ పందెం రోజున దాన్ని నిషేధించింది. పెంపకానికి మేటి గుర్రాలను ఎంచుకునేది ప్రధానంగా స్టేక్స్‌ పందేల నుంచే కనుక ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దానికి తోడు ప్రతి పందెం తర్వాత ఎండోస్కోపీ జరిపి, ఫలితాన్ని గుర్రం రికార్డులోనే నమోదు చేయాలని కోరుతున్నాను.