టాలీ నడిచే చిన్న ఆఫీసుకు వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్ సరిపోతుందా?

ఒక సిస్టమ్‌లో టాలీ (ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా పెట్టి, మిగతా రెండు మూడు సిస్టమ్‌లను నెట్‌వర్క్‌లో దానికి కలిపి నడిపే ఆఫీసులు మన దగ్గర వీధికొకటి. అలాంటిచోట కంప్యూటర్‌కు బ్యాకప్ తీసే వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్ ఉచిత ఎడిషన్ బాగానే పనిచేస్తుంది. కాకపోతే ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే కాదు, కొన్ని సెట్టింగులు మార్చాకే.

ముందుగా, దీన్ని డేటా ఉన్న సిస్టమ్‌లోనే వేయాలి. మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్‌లను ఇది బ్యాకప్ తీయదు. అకౌంటెంట్ టేబుల్ మీది కంప్యూటర్‌లో వేసి, రోజూ పచ్చ గీత చూసి నిశ్చింతగా ఉంటే, అసలు డేటా ఒక్కరోజు కూడా బ్యాకప్‌లోకి వెళ్లి ఉండదు.

జాబ్‌లో, అంటే ఏది ఎక్కడికి బ్యాకప్ తీయాలో చెప్పే ఏర్పాటులో, మూడు రకాలున్నాయి: మొత్తం కంప్యూటర్, వాల్యూమ్ (సి, డి లాంటి డ్రైవ్), ఫైళ్లు. మొత్తం కంప్యూటర్ ఎంచుకోండి. ఫైళ్ల పద్ధతి నెమ్మది, పైగా హార్డ్‌డిస్క్ పోయినరోజు విండోస్ మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. మొదటిసారి పూర్తి బ్యాకప్ వీబీకే ఫైల్‌గా పడుతుంది, తర్వాత మారినంత మేరకే వీఐబీ ఫైళ్లు. 200 జీబీ డేటా పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 33 ఎంబీ లెక్కన గంటా నలభై నిమిషాలు తింటుంది. 3.0 పోర్టు, సెకనుకు 100 ఎంబీ రాసే డిస్కు అయితే అరగంట చిల్లర. నీలం రంగు పోర్టు ఎక్కడుందో వెతుక్కోవడం దండగ పని కాదు.

ఎన్ని రోజులు ఉంచాలన్నది అసలైన చిక్కు. ఇది మామూలుగా 7 రోజులే ఉంచుతుంది. టాలీలో చెడిపోయిన వోచర్లు బయటపడేది సాధారణంగా నెలనెలా అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేసే 11వ తేదీ ముందు. అప్పటికి మంచి కాపీ కరిగిపోయి ఉంటుంది. కనీసం 35 రోజులు పెట్టండి, 1 టీబీ డిస్కు తీసుకోండి. గడువు దాటిన పాత మార్పులు వీబీకేలో కలిసిపోతాయి, ఆ కలిపే పనికి డిస్కులో ఖాళీ కావాలి. వీబీకే, దాని వెనక వీఐబీలు కలిసిన గొలుసులో మధ్య వీఐబీ ఒకటి చెడితే, దాని తర్వాతివన్నీ పనికిరావన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దీనిలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది, బ్యాకప్ అవగానే యూఎస్‌బీ డిస్కును ఎజెక్ట్ చేసే టిక్కు. డిస్కు పెట్టగానే జాబ్ మొదలయ్యే ఏర్పాటూ ఉంది. రాత్రి టాలీ మూసేశాక డిస్కు పెట్టడం, పొద్దున తీసి బీరువాలో పెట్టడం, ఇంతే పని. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ తగిలితే ముందు లాక్ అయ్యేవి కనిపించే డ్రైవ్‌లే కదా. నాస్‌కు (నెట్‌వర్క్‌కు కలిపిన డిస్కుల పెట్టె) తీస్తే దానికి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ పెట్టండి; విండోస్‌లో రోజూ వాడే ఖాతా వద్దు. టాలీ తెరిచి ఎంట్రీలు కొడుతున్న సమయంలో తీస్తే, వీఎస్ఎస్ స్నాప్‌షాట్ (విండోస్ ఆ క్షణానికి తీసే నకలు) కరెంటు పోయినప్పటి స్థితినే పట్టుకుంటుంది. మూశాక తీయమన్నది అందుకే.

బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) వేసిన డ్రైవ్ అయినా బ్యాకప్ ఫైల్‌లోకి మామూలు డేటాగానే వెళ్తుంది. కాబట్టి జాబ్‌లోని ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేయడం) విడిగా ఆన్ చేయాలి. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి యజమాని ఇంట్లో ఉంచండి.

లోటుపాట్ల విషయానికొస్తే, ఉచిత ఎడిషన్‌లో జాబ్ ఒక్కటే. ఒకేసారి నాస్‌కూ యూఎస్‌బీకీ తీయలేరు. రెండు డిస్కులను మార్చి మార్చి వాడటమే దారి; కొత్త డిస్కుకు మొదటిసారి పూర్తి బ్యాకప్ పడుతుంది కనుక ఆ రోజు సమయం ఉంచుకోండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలైతే ఇంకాస్త ఆలోచించాలి. కంపెనీల ఖాతాల నిబంధనలకు చేసిన 2022 ఆగస్టు సవరణ తర్వాత ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్‌లో ఉండాలి. నిబంధనలోని మాట సర్వరే, బీరువాలో డిస్కు కాదు. ఇక జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ఈ గొలుసు అంతకాలానికి పనికిరాదు. మార్చి 31 డేటాను టాలీ సొంత బ్యాకప్‌తో వేరేగా తీసి దాచండి.

విండోస్ లేవనప్పుడు బూట్ చేసుకునే రికవరీ యూఎస్‌బీని, వీమ్ ఇన్‌స్టాల్ చేసిన రోజే తయారు చేయాలి. అందులో ఈ కంప్యూటర్ డ్రైవర్లు కలపమనే టిక్కు వదిలేస్తే, ఆపదరోజు అది బూట్ అయినా డిస్కు గానీ నెట్‌వర్క్ గానీ కనబడకపోవచ్చు. ఒకసారి దానితో బూట్ చేసి, బ్యాకప్ డిస్కు కనిపిస్తోందేమో చూసి ఆపేయండి.

నెలకోసారి పరీక్ష కూడా పది నిమిషాల పనే. ఫైళ్ల రికవరీ తెరిస్తే బ్యాకప్ మొత్తం సి డ్రైవ్‌లో వీమ్‌ఎఫ్‌ఎల్‌ఆర్ అనే ఫోల్డర్‌గా కనిపిస్తుంది. అంకెల పేరున్న కంపెనీ ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసి, టాలీలో ఆ పాత్ ఇచ్చి తెరవండి. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోవాలి. పాత ఫోల్డర్ మీదే అతికించకండి, నడుస్తున్న డేటా పోతుంది.

వేరే హార్డ్‌వేర్‌కు మొత్తం రికవర్ చేస్తే టాలీ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయమంటుంది. ఆ లైసెన్స్‌కు జోడించిన టాలీ.నెట్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ రాసిన కాగితం మీదే రాసి పెట్టండి.