ఎమ్మెస్సీనా, పీజీ డిప్లొమానా: విశాఖలో రిజిస్టర్డ్ డైటీషియన్ కాదలచినవారికి ఏది మేలు?

డిగ్రీ ఫలితాలు వెలువడే రోజుల్లో విశాఖపట్నంలోని విద్యార్థినులు, వారి తల్లిదండ్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. బీఎస్సీలో న్యూట్రిషన్ చదివిన తరువాత రిజిస్టర్డ్ డైటీషియన్ (ఆర్‌డీ) కావడానికి రెండేళ్ళ ఎమ్మెస్సీ చేయాలా, ఏడాదిలో ముగిసే పీజీ డిప్లొమా సరిపోతుందా అన్నదే ఆ ప్రశ్న. ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ నిర్వహించే ఆర్‌డీ పరీక్షకు ఈ రెండు దారులూ చేరుస్తాయి, రెండింటిలోనూ ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. కాబట్టి ఏడాది కాలాన్నీ, ఏడాది ఫీజునూ మిగిల్చే డిప్లొమాయే లాభమని చాలామందికి తోచడం సహజమే.

డిప్లొమాను తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. బీఎస్సీ మూడేళ్ళలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఆహార శాస్త్రం శ్రద్ధగా చదివిన విద్యార్థినికి, ఇంటి పరిస్థితుల వల్ల త్వరగా ఉద్యోగంలో చేరవలసిన అవసరం ఉన్నప్పుడు, రోగులకిచ్చే పథ్యాలూ, ఆసుపత్రి వంటశాల నిర్వహణా ముఖ్యాంశాలుగా సాగే ఈ కోర్సు సూటిగా పనిలోకి తీసుకువెళుతుంది. బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) చదివి వచ్చినవారి సంగతి వేరు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం డైటీషియన్లనూ, న్యూట్రిషనిస్టులనూ తన జాబితాలో చేర్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు అనిపించుకోవడానికి మూడు నుంచి ఆరేళ్ళలో కనీసం 3,600 గంటలు సాగిన డిగ్రీ ఉండాలని ఆ చట్టం నిర్వచించింది. చట్టం చూపు డిగ్రీ మీద ఉన్నప్పుడు, వేరే సబ్జెక్టుల డిగ్రీకి ఏడాది డిప్లొమా జోడించడం బలమైన పునాది అవుతుందని నేననుకోను.

ఎమ్మెస్సీ వల్ల తెరుచుకునే తలుపులు అందరికీ తెలిసినవే. మూడేళ్ళ బీఎస్సీ చేసినవారు హోమ్ సైన్సులో యూజీసీ నెట్ రాయాలన్నా, పీహెచ్‌డీ చేయాలన్నా, కళాశాలలో పాఠాలు చెప్పాలన్నా మాస్టర్స్ డిగ్రీ కావలసిందే. అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్నవారు మరొక సంగతి గమనించాలి: అక్కడ 2024 జనవరి 1 నుంచి ఆర్‌డీ పరీక్షకు కూర్చోవడానికి కనీసం మాస్టర్స్ స్థాయి డిగ్రీ ఉండాలి, పర్యవేక్షణలో చేసే శిక్షణ 1,000 గంటలకు తగ్గకూడదు. మన ఆరు నెలలు కూడా, వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడు గంటల చొప్పున నిజాయితీగా చేస్తే, ఆ వెయ్యి గంటలను దాటుతాయి.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేవి ఆ వెయ్యి గంటలే. అవి ఎక్కడ గడుస్తాయి, ఎవరి పర్యవేక్షణలో గడుస్తాయి, అప్పటికి విద్యార్థిని ఎంత సిద్ధపడి ఉంటుంది అన్నవాటి ముందు మిగిలినవన్నీ చిన్న విషయాలే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన రోగినే ఉదాహరణగా తీసుకుందాం. డయాలసిస్ మొదలుకాని దశలో, మధుమేహం లేనివారికి, ప్రొటీన్‌ను శరీర బరువులో కిలోకు సుమారు 0.6 గ్రాములకు తగ్గిస్తారు, అంటే యాభై కిలోల మనిషికి రోజుకు ముప్పై గ్రాములు. డయాలసిస్ మొదలైన తరువాత అదే మనిషికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు, అంటే యాభై నుంచి అరవై గ్రాములు కావాలి. పప్పు, గుడ్డు తగ్గించమని నిన్నటిదాకా విన్న కుటుంబానికి, ఇకపై గుడ్డు పెట్టండని నచ్చజెప్పడం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. ఉద్దానం కొబ్బరితోటల సీమ. చలవ చేస్తాయని ప్రేమతో తాగించే కొబ్బరినీళ్ళలోని పొటాషియం ఆ రోగి గుండెకు ప్రమాదమని, ఆ ఇంటి మనసు నొచ్చుకోకుండా చెప్పాలి. రక్త పరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్ అంకెలు చదివి, వాటిని పూటపూటకూ పళ్ళెంలోకి దించడం వార్డులో రోగి పక్కన నిలబడితేనే అలవడుతుంది.

కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ప్రాంతాల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కూడా రోగులు వస్తారు. అటువంటి చోట ఇంటర్న్ చూడగలిగే వైవిధ్యం మరెక్కడా దొరకదు. తీవ్ర పోషకాహార లోపంతో వచ్చిన బిడ్డకు మొదట తక్కువ శక్తినిచ్చే ఎఫ్-75 పాలు, స్థిమితపడిన తరువాతే ఎక్కువ శక్తినిచ్చే ఎఫ్-100 పాలు ఎందుకిస్తారో, చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారమిస్తే రక్తంలో ఫాస్ఫేట్ ఎలా పడిపోతుందో అక్కడ కళ్ళారా చూడవచ్చు. చోడి అంబలి, గంజి, ఎండుచేపల మీద బతికే ఇళ్ళకు పనికివచ్చే డైట్ చార్టు రాయడం కూడా అక్కడే వస్తుంది. ఆరిలోవ హెల్త్ సిటీలోని కార్పొరేట్ ఆసుపత్రులకూ వాటి బలం వాటికుంది. ఐసీయూలో రైల్స్ ట్యూబు (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం) ద్వారా ఇచ్చే ఆహారం లెక్కలు, ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ కోరే విధంగా ప్రతి రోగి పోషణ స్థితిని రికార్డు చేయడం అక్కడ క్రమశిక్షణతో నేర్చుకోవచ్చు. అయితే అటువంటి ఆసుపత్రిలో ఇంటర్న్‌ను ట్రేల తనిఖీకే పరిమితం చేస్తే, ఆరు నెలలు గడిచినా ఆమె స్వయంగా ఒక్క రోగితోనూ మాట్లాడి ఉండదు. వీలైనవారు రెండు చోట్లా పనిచేయడం మంచిది. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను పెద్ద ప్రభుత్వ ఆసుపత్రినే సూచిస్తాను.

నేను ఎమ్మెస్సీ వైపు మొగ్గడానికి కారణం కూడా ఈ వార్డులోనే ఉంది. పోషక జీవరసాయన శాస్త్రాన్ని మరొకసారి లోతుగా చదివి, గణాంకశాస్త్రం నేర్చి, ఒక డిసర్టేషన్ పూర్తిచేసిన విద్యార్థిని, రౌండ్స్‌లో డాక్టరు చెప్పినది రాసుకోవడంతో ఆగకుండా, ల్యాబ్ రిపోర్టు చూసి తన అభిప్రాయం చెప్పగలుగుతుంది. డిప్లొమా విద్యార్థినికి ఆ సాహసం రాదని కాదు, దానికి తగిన చదువును ఆమె సొంతంగా సమకూర్చుకోవలసి ఉంటుంది.

దూరవిద్య గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. క్లినికల్ న్యూట్రిషన్, డయెటెటిక్స్ కోర్సులను 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలోనూ, ఆన్‌లైన్‌లోనూ నడపరాదని యూజీసీ ఆదేశించింది. కొన్ని వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఆర్‌డీకి దారి కావు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చే ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ కోర్సు ప్రజారోగ్యం, పరిశోధన వైపు వెళ్ళదలచినవారికి చక్కటి ఎంపిక.

ఏ కోర్సులో చేరినా, ఫీజు కట్టే ముందు కళాశాలను కొన్ని ప్రశ్నలు అడగండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో ఉంటుంది? కోర్సు మధ్యలో చేయించే కొద్దివారాల శిక్షణనే ఇంటర్న్‌షిప్ అంటున్నారా, లేక పూర్తి ఆరు నెలలు పూర్తికాలం చేసినట్టు ఆసుపత్రి ధ్రువపత్రం ఇస్తుందా? కిడ్నీ, పిల్లల, సర్జరీ వార్డులన్నీ తిప్పుతారా? విద్యార్థిని రాసిన కేస్ షీటును చూసి దిద్దే సీనియర్ డైటీషియన్ ఉన్నారా? సరైన జవాబు రాకపోతే, నిరుడు అక్కడ చదివిన విద్యార్థినులను కలిసి, వార్డులో ఎన్నాళ్ళున్నారో, వంటశాలలో ఎన్నాళ్ళున్నారో అడిగి తెలుసుకోండి.