కాపర్-టీయా, అంతర ఇంజెక్షనా, మాత్రలా? ఆపడం ఎవరి చేతిలో ఉందో చూడండి

"వదినా, కాపర్-టీ వేయించుకోనా, సూది చేయించుకోనా? ఒక్క మాట చెప్పు" అని నర్సంపేట నుంచి మా తమ్ముడి భార్య ఫోను చేసింది. బాబుకు ఏడో నెల. పెద్ద ఆపరేషన్ చేసి తీశారు. రెండో బిడ్డ కావాలి గాని మూడేళ్లు ఆగాలని ఇద్దరూ అనుకున్నారు. అప్పటిదాకా గర్భం రాకుండా ఉండడానికి ఏఎన్ఎం (ఊళ్లోకి వచ్చే నర్సు) అంతర ఇంజెక్షన్ మంచిదంటుంది. వాళ్లమ్మ, గర్భసంచిలో పెట్టే కాపర్-టీ కడుపులో పైకి ఎక్కిపోతుందని భయపెడుతుంది. పక్కింటి అమ్మాయి మాత్రలు వేసుకుంటూ హాయిగా ఉంది.

నన్నే అడగడానికి కారణం ఉంది. పదకొండేళ్ల కాపురంలో మాత్రలు, నిరోధ్, కాపర్-టీ అన్నీ దాటి, చివరకు మా ఆయన చేయించుకున్న ఆపరేషన్ దగ్గర ఆగిన మనిషిని నేను. ఏది గట్టిగా పనిచేస్తుందని అందరూ అడుగుతారు. నేనైతే దానికన్నా ముందు ఇంకొకటి అడుగుతాను: వద్దనుకున్న రోజున దాన్ని ఆపడం ఎవరి వల్ల అవుతుంది?

మాత్రల విషయంలో మన వల్లే అవుతుంది. సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పట్టీలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. మానేస్తే కొద్ది నెలల్లోనే గర్భం నిలవవచ్చు. కాని ఆపడం ఎంత సులువో మరిచిపోవడమూ అంతే సులువు. అత్తమ్మ కంట పడకుండా నా పట్టీని బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. పరకాలలో పెళ్లికి మూడు రోజులు వెళితే పట్టీ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ నెలంతా నిద్ర లేదు. రోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలు మనుషులు వేసుకునే తీరులో ఏడెనిమిది మందికి వస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లకు, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవాళ్లకు, ఆరు నెలలలోపు పసిబిడ్డకు పాలిచ్చేవాళ్లకు ఈ మాత్రలు పనికిరావు. టీబీ మందులో ఫిట్స్ మందులో వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. వాటిలో కొన్ని ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి.

పాలిచ్చే తల్లులకు ఛాయ అనే మాత్ర ఉంది. లక్నోలోని సీడీఆర్ఐ అనే ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థలో తయారైన మందు ఇది. ఇందులో హార్మోన్ ఉండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. వినడానికి హాయిగా ఉంటుంది గాని, వారానికి ఒకసారి చేసే పనిని మరిచిపోవడమే మనకు ఇంకా తేలిక. నెలసరి ఆలస్యమవుతుంది, ఆలస్యమైన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగలు) ఉన్నవాళ్లకు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లకు ఇవ్వరు.

మాత్రల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మేడారం జాతరకో, బతుకమ్మకో నెలసరి వాయిదా పడాలని మందుల షాపులో కొనుక్కునే మాత్రలు వేరు. అవి వేసుకుంటున్నాం కదా, గర్భం రాదులే అని ధీమాగా ఉండి దెబ్బతిన్నవాళ్లను నేను ఎరుగుదును.

అంతర ఇంజెక్షన్ మూడు నెలలకు ఒకటి. దాచాల్సిన పట్టీ లేదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తమామలతో కలిసి ఉండే అమ్మాయికి ఇది చిన్న సుఖం కాదు. కార్డు మీద రాసిచ్చిన తేదీకి రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు ఆలస్యమైనా చేయించుకోవచ్చు. చేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మొదట్లో మరకలు మరకలుగా కనిపించి, తర్వాత తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. "చెడు రక్తం లోపలే పేరుకుంటుంది" అని పెద్దవాళ్లు కంగారు పడతారు. లోపల ఏమీ పేరుకోదు. గర్భసంచి లోపలి పొర పలచబడి, రాలిపోయేదే లేకుండా పోతుంది, అంతే. చిక్కు వేరే చోట ఉంది. ఒంట్లోకి వెళ్లిన మందును ఏ డాక్టరూ వెనక్కి తీయలేరు. పడకపోయినా మూడు నెలలు భరించాల్సిందే. మానేశాక గర్భం నిలవడానికి చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. మా మరదలి లాగా ఎప్పుడు కావాలో లెక్క వేసుకున్నవాళ్లు ఆ నెలలను కూడా లెక్కలో కలుపుకోవాలి.

ఇక కాపర్-టీ. హార్మోన్ లేదు, మరిచిపోయే పని లేదు, ఏడాదికి వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. 380ఏ అనే రకం పదేళ్లు, 375 అనేది అయిదేళ్లు పనిచేస్తాయి. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేస్తారు. పెద్ద ఆపరేషన్ జరిగేటప్పుడే లోపల అమర్చవచ్చు కూడా. మన తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు పెద్ద ఆపరేషన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి, ఈ అవకాశం గురించి నెలలు నిండకముందే అడిగి ఉంచుకోవాలి. బల్ల మీద పడుకోబెట్టాక అడిగి ఒప్పించడం పద్ధతి కాదు.

కడుపులోకి ఎక్కిపోవడం అన్నది చాలా అరుదు. వేసేటప్పుడు గర్భసంచి గోడకు చిల్లు పడితే తప్ప అలా జరగదు, అది వెయ్యిలో ఒకరిద్దరికి. జారి బయటికి రావడం దానికన్నా ఎక్కువ. అందుకే నెలసరి అయ్యాక దాని కొసన వేలాడే దారం తగులుతోందో లేదో చూసుకోమంటారు. అసలు బాధ నెత్తురు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా అవుతుంది, పొత్తికడుపు పిండినట్టు నొప్పి పెడుతుంది. నాకు ముందే రక్తం తక్కువ. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తీయించుకుందామని వెళితే ఆ డాక్టరమ్మ "ఇంకో ఆరు నెలలు చూడమ్మా" అన్నారు. మళ్లీ వెళ్లాను, "ఇంత తొందరైతే ఎందుకు వేయించుకున్నావు?" అన్నారు. మూడోసారి ఇంకో ఆసుపత్రికి వెళితే, దారం పట్టుకుని అయిదు నిమిషాల్లో తీసేశారు. కాపర్-టీ మీద నాకు కోపం లేదు. తీసిన నెల నుంచే గర్భం నిలవవచ్చు, ఇంత గట్టిదైనా తీయగానే వదిలేస్తుంది. కాని తాళంచెవి డాక్టరు దగ్గర ఉంటుంది. నెత్తురు భయం ఉన్నవాళ్లకు కాపర్-టీ లాగే లోపల అమర్చే, హార్మోన్ ఉండే లూప్ నెలసరిని తగ్గిస్తుంది గాని, ధర చాలా ఎక్కువ.

నిరోధ్ గురించి రెండే మాటలు. సుఖవ్యాధుల నుంచి కాపాడేది అదొక్కటే, గర్భం రాకుండా ఆపడంలో మాత్రం పై వాటికన్నా వెనకే. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర ఎప్పుడో ఒకసారి ఆపదకు, నెలనెలా అలవాటుకు కాదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అంటే ఇక వెనక్కి రాని దారి. మన దగ్గర ఆ దారిలో నడిచేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. 2022లో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో మాన్పించాలని సుప్రీంకోర్టు చెప్పింది 2016లోనే. మగవారికి చేసేది పావుగంట పని, కుట్లు కూడా ఉండవు. మా ఆయన మూడో రోజు బండి నడుపుకుంటూ డ్యూటీకి వెళ్లారు. మూడు నెలల దాకా నిరోధ్ వాడి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలాకే నిశ్చింత. మగతనం తగ్గదు, గాయం మానాక బరువులూ ఎత్తవచ్చు. మా అత్తమ్మ వారం రోజులు మాట్లాడలేదు, ఎనిమిదో రోజు నాటుకోడి కూర వండింది.

సరే, ఎవరి దగ్గరికి వెళ్లాలి? వరంగల్‌లో సీకేఎం ఆసుపత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. రెండూ కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధం. మందులు, కాపర్-టీ అన్నీ ఉచితం. ఓపీ చీటీ క్యూ పొడుగు, డాక్టరు ముందు కూర్చునే సమయం పొట్టి. ప్రైవేటులో కూర్చోబెట్టి మాట్లాడతారని వెళతాం, అక్కడా మాట్లాడనివాళ్లు ఉంటారు. బోర్డు మీద లేడీ డాక్టర్ అని ఉంటే చాలదు. పేరు పక్కన ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ గైనకాలజీ అనో డీజీఓ అనో ఉందా, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని చూడండి.

ఆ తర్వాత నా పరీక్ష ఒకటి ఉంది. వేయించుకోకముందే "నాకు పడకపోతే అడిగిన రోజే తీస్తారా?" అని అడగండి. ముఖం చిట్లిస్తే లేచి వచ్చేయండి. బీపీ చూడకుండా, తలనొప్పులు, చివరి నెలసరి తేదీ అడగకుండా మాత్రలు రాసేవాళ్లు వద్దు. కాస్త నెత్తురు ఎక్కువైతే చాలు "గర్భసంచి తీసేద్దాం" అనేవాళ్లు అసలే వద్దు, ఇంకొకరికి చూపించకుండా ఆ మాట వినకండి. ఇంకొకటి: ప్రశ్న ఎవరి వైపు చూసి అడుగుతున్నారు? "ఎంతమంది పిల్లలు?" అని మిమ్మల్ని కాక మీ వెనక నిలబడిన అత్తగారిని అడిగే డాక్టరు, తీయమన్న రోజున కూడా ఆమె ఒప్పుకోలు అడుగుతారు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి కాపర్-టీ వేయడానికి గాని తీయడానికి గాని భర్త సంతకం అక్కర లేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కూడా అక్కర లేదు. పెళ్లి కాని అమ్మాయిలకు ఇక్కడ కష్టం ఎక్కువ. నర్సు గొంతు పెంచి "పెళ్లయిందా?" అంటుంది, వరండా అంతా తిరిగి చూస్తుంది. అలాంటి చోట తలుపు వేసి మాట్లాడే డాక్టరు దొరికితే ఆ చీటీ జాగ్రత్తగా దాచుకోండి.

మా మరదలికి రక్తం (హిమోగ్లోబిన్) పదకొండున్నర ఉంది, నెలసరి మామూలుగానే అవుతుంది, మూడేళ్ల లెక్క ఉంది. నేను కాపర్-టీ వైపే మొగ్గాను. మొన్న హనుమకొండకు వస్తే వెంట వెళ్లాను. డాక్టరమ్మ ముందు ఆ టీ ఆకారపు తీగను అరచేతిలో పెట్టి చూపించారు, అగ్గిపుల్ల కన్నా చిన్నది. మా మరదలు "ఇంతేనా?" అంది. తర్వాత నేను నేర్పిన ప్రశ్న అడిగేసింది. డాక్టరమ్మ నవ్వి, కార్డు మీద తీయాల్సిన సంవత్సరం రాసి, దాని కింద "ఎప్పుడు అడిగినా" అని ఇంకో ముక్క చేర్చారు. తిరుగు బస్సులో వాళ్లమ్మకు ఫోను చేసి ఆ తీగ ఎంత ఉందో వేలితో కొలిచి చెబుతోంది, అవతల ఆమెకు కనిపించదని కూడా మరిచిపోయి.